ఆ కాయితం రాసింది మేమే

చాలా రోజుల నుంచి రాయాలె రాయాలె అనుకుంటూ వెనక్కి జరుపుకుంటూ వస్తున్న ముచ్చట ఇది. కొంచెం పెద్దగనే ఉంటది. తీరిక చూసుకొని చదవండి. పెండ్లి సంబంధాలు చూస్తున్న అక్కలు, తండాల పంచాయితీలైతే "నువ్వు చదువుకున్నవ్, రాయి బిడ్డా" అని కాయితం చేతికిస్తే రాసిపెట్టే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మాత్రం తప్పకుండా చదవండి.

మేము ఇద్దరం అక్కచెల్లెళ్ళం. మాది హుస్నాబాద్ దగ్గర, అక్కన్నపేట వైపు ఒక తండా. మా పైన పెద్దక్క ఉన్నది. ఈ కథ అక్కది. అక్కను అడిగే రాస్తున్నం. "రాయండి, కానీ ఎవ్వల పేర్లు వద్దు" అన్నది. అందుకే పేర్లు లేవు.

అక్కకు 2016ల పెండ్లయింది. బావది పక్క మండలం తండానే. మూడేండ్లు కాపురం చేసినరు, ఒక కొడుకు పుట్టిండు. లోపల ఏం జరిగిందో అంతా ఇక్కడ రాయం. అది అక్క సొంత విషయం. తాగుడు ఉండె, చెయ్యి లేపుడు ఉండె, అంతవరకు చాలు. 2019 ఎండకాలంల అక్క పిల్లగాన్ని సంకనేసుకొని ఇంటికి వచ్చేసింది, మళ్ళ పోను అన్నది.

పంచాయితీ మా తండాలనే, యాపచెట్టు కింద పెట్టినరు. రెండు తండాల నాయక్‌లు, కార్భారీలు, పెద్దమనుషులు వచ్చినరు. రెండు దిక్కుల నుంచి పది పది వేలు దరావత్తు పెట్టించినరు. మాట తప్పితే ఆ పైసలు పోతయన్నట్టు. పొద్దున తొమ్మిది గంటలకు కూసుంటే సాయంత్రం నాలుగు దాకా నడిచింది. నాయక్ మా బాపుతోని ఒకటే మాట అన్నడు: "కోర్టుకు పోతే ఏండ్లకేండ్లు తిప్పుతరు. ఈడ ఒక్క పూటల అయిపోతది. ఎందుకు లొల్లి?"

మా బాపుకు అది సబబు అనిపించింది. నిజం చెప్పాలంటే మాకు కూడా అట్లనే అనిపించింది.

తెగదెంపులకు ఒప్పుకున్నరు. లక్షా యాభై వేలు బావ వాళ్ళు ఇయ్యాలె, పెట్టిన బంగారం వాపస్ ఇయ్యాలె, పిల్లగాడు తల్లి దగ్గర ఉంటడు. వంద రూపాయల బాండు పేపరు తెచ్చినరు. ఎవరు రాయాలె అంటే నాయక్ మా దిక్కు చూసి, "తండాల చేతిరాత మంచిగున్నది ఈ పోరగాండ్లదే కదా" అన్నడు. అప్పుడు మాల ఒకరం ఇంటర్, ఒకరం పది. ఒకరం చదువుతుంటే ఒకరం రాసినం. పెద్దమనిషి చెప్పినట్టే, ఒక్క అక్షరం పోకుండ.

ఆ కాయితంల చివరి వాక్యం ఇప్పటికీ నోటికి వస్తది. "ఇకమీదట ఒకరిమీద ఒకరికి ఎటువంటి హక్కులు లేవు, నేను గానీ నా కుమారుడు గానీ మనోవర్తి, ఖర్చులు ఏమియు అడగము." దాని కింద అక్క సంతకం పెట్టింది. సాక్షులు వేలిముద్రలు వేసినరు. మంచిగ రాసినరు అని అందరు మెచ్చుకున్నరు. మేం సంబరపడ్డం కూడా.

చిన్న పిల్లగాని అన్నం ముచ్చట మా చేతితోని కొట్టేసినమని అప్పుడు మాకు సమజ్ కాలే.

తర్వాత అక్క ఊకె కూసోలే. ఏఎన్ఎం కోర్సు చేసింది, హుస్నాబాద్‌లనే ఒక చిన్న దవాఖానల పనికి కుదిరింది. బావకు 2020ల పోలీసు ఉద్యోగం వచ్చింది. 2022ల ఒకరోజు బావ వాళ్ళ చిన్నాయన ఇంటికొచ్చిండు. బావకు ఇంకో సంబంధం కుదిరిందట. కానీ పిల్ల తరఫోళ్ళు తండా కాయితం ఒప్పుకుంటలేరట, కోర్టు డిక్రీ కావాల్నట. వాళ్ళ భయం తప్పు కాదు. సర్కారు నౌకరీ చేసేటోళ్ళు మొదటి భార్య ఉండగ ప్రభుత్వ అనుమతి లేకుండ రెండో పెండ్లి చేసుకోవద్దని సర్వీసు రూల్స్ ఉన్నయి. బాండు పేపరు చూపించి "మాకు విడాకులైనయి" అంటే ఆఫీసుల నడవదు.

అట్ల మూడేండ్ల కింద "అయిపోయింది" అనుకున్న పని అసలు మొదలే కాలేదని తెలిసింది. కాయితం మీద అక్క ఒంటరి మనిషి. చట్టం లెక్కల ఇంకా ఆయన భార్యనే.

బాపు వెంట మేమిద్దరం వకీలు దగ్గరికి పోయినం. ముందుగల ఏ ఊరు కోర్టు అనేదే ఒక చిక్కు. 2016 అక్టోబరుల కొత్త జిల్లాలు చేసినప్పుడు హుస్నాబాద్ కరీంనగర్ నుంచి సిద్దిపేట జిల్లాకు పోయింది. కానీ కోర్టులకు కొత్త జిల్లాలు వచ్చింది 2022 జూన్ 2న. మా పెద్దోళ్ళకు కోర్టు అంటే ఇప్పటికీ కరీంనగరే. వకీలు చెప్పిండు: విడాకుల పిటిషను పెండ్లి జరిగిన చోట వెయ్యొచ్చు, ఇద్దరు చివరిసారి కలిసి ఉన్న చోట వెయ్యొచ్చు, ఎదుటి మనిషి ఉంటున్న చోట వెయ్యొచ్చు, భార్య వేస్తే ఆమె ఇప్పుడు ఉంటున్న చోట కూడా వెయ్యొచ్చు. ఈ చివరిది 2003ల సవరణతోని వచ్చింది. ఆడివాళ్ళకు మస్తు పనికొచ్చే ముచ్చట. పుట్టింటికి వచ్చేసిన అక్క, అత్తగారి ఊరి కోర్టు చుట్టు తిరగాల్సిన పని లేదు.

ఇద్దరికీ ఇష్టమే కాబట్టి పరస్పర అంగీకారం కింద వేద్దామన్నడు. హిందూ వివాహ చట్టం 1955, సెక్షన్ 13బి. దాని లెక్క ఇది. ఇద్దరు కనీసం ఒక ఏడాది నుంచి విడిగా ఉండాలె. కలిసి ఉండలేమని ఇద్దరు ఒప్పుకోవాలె. ఇద్దరు కలిసి ఒకటే పిటిషను వెయ్యాలె. కోర్టు మొదటిసారి వాంగ్మూలం తీసుకుంటది. తర్వాత ఆరు నెలలు ఆగాలె, మనసు మారుతదేమో అని. ఆరు నెలలు దాటినంక, పద్దెనిమిది నెలల లోపల, మళ్ళ ఇద్దరు వచ్చి "మాకు ఇప్పటికీ ఇదే కావాలె" అని చెప్తే డిక్రీ ఇస్తరు. ఈ మధ్యల ఎవరైనా ఒకరు "నాకు ఇష్టం లేదు" అంటే అక్కడికి ఆగిపోతది. ఆ ఆరు నెలలు కచ్చితం కాదు, కొన్ని పరిస్థితులల్ల జడ్జి తగ్గించొచ్చని సుప్రీంకోర్టు 2017ల చెప్పింది. ఏండ్ల నుంచి విడిగా ఉండి, పిల్లలు, పైసల పంచాయితీ తేలిపోయినోళ్ళు అడుక్కోవచ్చు.

ఇంత మంచిగ సమజైంది కదా, ఇగ అయిపోతది అనుకున్నం. పిటిషను వేసిన కొన్ని రోజులకు అది వాపస్ వచ్చింది. మీద ఆబ్జెక్షన్ రాసి ఉన్నది: పార్టీలు షెడ్యూల్డ్ తెగకు చెందినవారు, సెక్షన్ 2(2) ప్రకారం ఈ పిటిషను ఎట్ల నిలబడుతుందో చెప్పవలెను.

సెక్షన్ 2(2) అంటే ఏందో అప్పటిదాకా మాకు తెల్వదు. మీల కూడా చాలామందికి తెల్వకపోవచ్చు, అందుకే ఇది కొంచెం నిదానంగ చదవండి. హిందూ వివాహ చట్టం హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు వర్తిస్తుంది. కానీ అదే చట్టంలో సెక్షన్ 2(2) ఏమంటుందంటే, కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రత్యేకంగా చెప్తే తప్ప షెడ్యూల్డ్ తెగలవారికి ఈ చట్టంలోని ఏదీ వర్తించదు. అంటే మన పెండ్లిళ్ళు, మన తెగదెంపులు మన ఆచారం ప్రకారమే నడవాలె. మన ఆచారాన్ని కాపాడడానికే అది పెట్టినరు. చదివితే గర్వంగనే అనిపిస్తది. కానీ చేతిల బాండు పేపరు పట్టుకొని కోర్టు వరండాల నిలబడ్డప్పుడు అదే మాట తలుపు మూసినట్టు అనిపించింది. తండా కాయితం కోర్టు ఒప్పుకోదట, కోర్టు చట్టమేమో మనకు వర్తించదట. మరి అక్క ఎటు పోవాలె?

ఇంకొక విచిత్రం చూడండి. తెలంగాణల లంబాడాలు ఎస్టీ అయింది 1976 సవరణ చట్టంతోని. అంతకు ముందు మన ప్రాంతం లంబాడాలు ఎస్టీ జాబితాల లేరు కాబట్టి ఈ మినహాయింపు మా తాతలకు లేకుండె. కర్ణాటకల బంజారాలు ఎస్సీ, మహారాష్ట్రల విముక్త జాతులల్ల ఉన్నరు. వాళ్ళకు ఈ 2(2) అడ్డమే రాదు. ఒకటే గోర్ బోలి మాట్లాడే మనుషులు, ఒకటే తీరు పెండ్లి, రాష్ట్రం హద్దు దాటంగనే చట్టం వేరే.

వకీలు మమ్మల్ని కూసోబెట్టి రెండు దారులు చెప్పిండు.

మొదటి దారి ఆచారం. మా తెగల ఇట్ల తెగదెంపులు చేసుకునే ఆచారం ఉన్నది, ఆ ప్రకారమే పంచాయితీల అయింది, కాబట్టి మా వివాహం రద్దయిందని ప్రకటించండి అని కోర్టును అడగొచ్చు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984 సెక్షన్ 7 ప్రకారం ఒక మనిషి వైవాహిక స్థితి ఏందో తేల్చే దావాలు ఫ్యామిలీ కోర్టు వినొచ్చు. అది ఏ మతం, ఏ తెగ అని చూడదు. 2021ల జార్ఖండ్ హైకోర్టు ఒక ఒరావ్ జంట కేసుల ఇదే చెప్పింది, ఆదివాసుల ఆచార విడాకుల కేసును ఫ్యామిలీ కోర్టు విని తీరాలె అని. కాకపోతే ఆచారాన్ని రుజువు చేసే బరువు మన మీదనే. ఆచారం పాతది, ఎడతెగకుండ నడుస్తున్నది, స్పష్టమైనది, న్యాయమైనది అని చూపెట్టాలె. నాయక్ వచ్చి బోనుల చెప్పాలె. ఇంతకు ముందు ఇట్లనే విడిపోయిన జంటల ముచ్చట్లు చెప్పాలె. పాత కాయితాలు ఉంటే చూపెట్టాలె.

రుజువు లేకపోతే ఏమైతదో 2001 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చెప్తది. భార్య ఒరావ్, భర్త సంథాల్. భర్త ఇంకో పెండ్లి చేసుకున్నడని ఆమె కేసు వేసింది. ఇద్దరు తెగలవాళ్ళు కాబట్టి హిందూ వివాహ చట్టం వర్తించదు, రెండో పెండ్లి చెల్లదనే ఆచారం మీ తెగల ఉన్నదని నువ్వే రుజువు చేయాలె, చేయలేదు అన్నది కోర్టు. ఆమె ఓడిపోయింది. ఆచారం పెద్దోళ్ళ నోట్ల ఉంటే సరిపోదు, సాక్ష్యం లెక్క నిలబడాలె.

రెండో దారి ఏందంటే, తెగలవాళ్ళమే కానీ హిందూ పద్ధతులు పాటిస్తున్నం, పెండ్లి ఆ పద్ధతిలనే జరిగింది అని చెప్పుకొని హిందూ వివాహ చట్టం కిందికే రావడం. 2021ల ఢిల్లీ హైకోర్టు మీనా తెగ జంట కేసుల ఈ దారి తెరిచింది. కింది కోర్టు 2020ల సెక్షన్ 2(2) చూపెట్టి కేసు కొట్టేస్తే, పెండ్లి హిందూ పద్ధతిల జరిగిందని ఇద్దరు ఒప్పుకుంటున్నప్పుడు ఈ చట్టం నుంచి వాళ్ళను బయటికి పంపొద్దని హైకోర్టు చెప్పింది. అట్ల పంపితే ఎక్కువ నష్టపోయేది ఆడవాళ్ళే అని కూడా అన్నది. అన్ని కోర్టులు ఒక్క తీరుగ చూస్తయని గ్యారంటీ లేదు. కానీ మా వకీలు ఇదే దారి పట్టిండు, తొందరగ అయితదని.

"పెండ్లి ఎట్ల జరిగిందో చూపెట్టే ఆధారాలు తెండి" అన్నడు.

ఇంట్ల వెతికినం. ఏం దొరకలే. అప్పుడు యాడికి యాదికొచ్చింది, కల్యాణలక్ష్మికి పెట్టిన ఫైలు జిరాక్స్ సెట్టు సందుగుల ఉన్నదని. 2016ల 51 వేలు వచ్చినయి కదా, దానికి శుభలేఖ, పెండ్లి ఫోటో పెట్టినం. తీసి చూస్తే శుభలేఖ మీద వేంకటేశ్వరస్వామి బొమ్మ, పక్కన సేవాలాల్ బొమ్మ. లోపల ముహూర్తం, లగ్నం, పురోహితుడు. ఫోటోల బావ అక్కకు పుస్తె కడుతున్నడు, జీలకర్ర బెల్లం తల మీద ఉన్నది. పెండ్లప్పుడు హుస్నాబాద్‌ల ప్రింటింగ్ ప్రెస్సోళ్ళు "ఈ డిజైన్ మంచిగున్నది" అంటే బాపు సరే అన్న శుభలేఖ అది. అదే కోర్టుల మా ఆధారమైంది.

పిటిషనుల కొత్తగ ఒక పేరా చేర్చినరు. "పిటిషనర్లు ఇరువురు షెడ్యూల్డ్ తెగకు చెందినవారైనప్పటికీ హిందూ ఆచార సంప్రదాయములను పాటించుచున్నారు, వారి వివాహము హిందూ సంప్రదాయము ప్రకారము జరిగినది." వకీలు చదివి వినిపిస్తుంటే అక్క ఆపింది. "అంటే మనం గోర్ కాదని రాస్తున్నమా సార్?" అన్నది.

వకీలు, "అట్ల కాదమ్మా, ఎస్టీ కాదని రాస్తలేం. నీ సర్టిఫికెట్‌కు ఏం కాదు. పెండ్లి ఏ పద్ధతిల అయిందో చెప్తున్నం అంతే" అన్నడు.

మాకు ఆ జవాబు తెలివిల పట్టింది గానీ మనసుల పట్టలే. ఇంటికొచ్చినంక దాదికి చెప్పినం. దాది చేతుల మీద ఇప్పటికీ పాత కాలం గాజుల మచ్చలు ఉంటయి. ఆమె అంతా విని, "మేం కూడ ఏడు సుట్లు తిరిగినం. అయ్యగారు లేకుండె, కాయితం లేకుండె, మా పాటలు మేం పాడుకున్నం. అది కూడ పెండ్లే కదా" అన్నది. కోపంతోని అనలే. అడిగినట్టు అన్నది. దానికి మా దగ్గర జవాబు లేకుండె. ఆమె పెండ్లిని కోర్టుల నిలబెట్టాలంటే ఏ కాయితం పెట్టాల్నో మాకు తెల్వలే.

అక్క చాలాసేపు ఆలోచించి సంతకం పెట్టింది. "నాకిప్పుడు కొడుకు ముఖ్యం" అన్నది.

పిటిషను మళ్ళ వేసినరు, ఈసారి నంబరు పడింది. మొదటిసారి కోర్టుకు పోయిన రోజు అక్క పొద్దుగాల నాలుగింటికే లేచింది. హుస్నాబాద్ బస్టాండుల టీ తాగి బస్సెక్కినం. కోర్టుల మేం అనుకున్నట్టు సినిమా లెక్క ఏం లేదు. పేర్లు పిలిచినరు. జడ్జి మేడం అక్కను తెలుగులనే అడిగింది, ఎవరన్నా బలవంతం చేసినరా, నీ ఇష్టంతోనే వచ్చినవా, పిల్లగాడు ఎవరి దగ్గర ఉంటడు, వాని ఖర్చు ఎట్ల.

ఆ చివరి మాటకు మా గుండె ఆగినంత పనైంది. ఎందుకంటే పిటిషనుకు మేం రాసిన ఆ బాండు పేపరు కూడ జత చేసి ఉన్నది. మేడం అది చదివింది. "ఈ చివరి వాక్యం ఎవరు రాసినరు?" అని అడగలే. "తల్లి సంతకం పెట్టినంత మాత్రాన పిల్లవాడి హక్కు పోదు, అది తల్లి వదులుకునేది కాదు" అన్నది, అంతే. ఖర్చుల మాట తేల్చుకొని రమ్మని ఇద్దరు వకీళ్ళకు చెప్పింది.

వెనుక బెంచీల కూసున్న మేం ఒకరి ముఖం ఒకరం చూసుకోలే.

బయట వరండాల మాట్లాడుకున్నరు. బావ మొదట "అప్పుడే అయిపోయింది కదా, కాయితం ఉన్నది కదా" అన్నడు. వాళ్ళ వకీలే సముదాయించిండు. పిల్లగాని పేరు మీద మూడు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, నెలకు ఐదు వేలు బ్యాంకు ఖాతాల, నెలకు రెండు ఆదివారాలు పిల్లగాన్ని చూసేటట్టు ఒప్పుకున్నరు. ఇదంతా కోర్టు రికార్డుల చేరింది. బాండు పేపరుకు, దీనికి తేడా ఏందంటే, బావ ఒక నెల పైసలు వెయ్యకపోతే ఇప్పుడు అక్క నాయక్ ఇంటి ముందట కూసోవాల్సిన పని లేదు. కోర్టు ఉత్తర్వు అమలు చేయించుకోవచ్చు.

ఆరు నెలలు గడిచినయి. 2023ల రెండోసారి పోయినం. ఐదు నిమిషాలల్ల అయిపోయింది. డిక్రీ కాపీ ఇద్దరికీ ఉచితంగ ఇవ్వాలని చట్టంలనే ఉన్నది, సెక్షన్ 23(4). బయటికొచ్చి అక్క ఆ కాపీ మీద తన పేరు వేలుతోని తడిమి చూసింది. ఏడుస్తదేమో అనుకున్నం. "ఆకలైతుంది, ఏమన్న తిందాం" అన్నది.

ఇగ మేం నేర్చుకున్నవి చెప్తం. మేం వకీళ్ళం కాదు. మీ కేసు వకీలును అడిగే నడిపించుకోండి. కానీ వకీలు దగ్గరికి పోయేటప్పుడు ఈ మాత్రం తెలిసి ఉంటే మంచిది.

మొదటిది, వకీలు ఫీజు. మేం అప్పు చేసి పదిహేను వేలు కట్టినంక తెలిసింది, న్యాయ సేవల చట్టం 1987 సెక్షన్ 12 ప్రకారం ఎస్టీలకు, ఆడవాళ్ళకు ఉచితంగ వకీలును ఇస్తరని. వీళ్ళకు ఆదాయం ఎంత అనేది లెక్క లేదు. కోర్టు ప్రాంగణంలనే లీగల్ సర్వీసెస్ వాళ్ళ ఆఫీసు ఉంటది. 15100 నంబరుకు ఫోన్ చేసి కూడ అడగొచ్చు. అక్కకు రెండు తీర్ల హక్కు ఉండె. ఒక్కటి కూడ వాడుకోలే.

రెండోది, సెక్షన్ 2(2) అడ్డం వచ్చేది హిందూ వివాహ చట్టానికే. మిగతా రక్షణలకు అది అడ్డం కాదు. గృహహింస చట్టం 2005 ఏ తెగ ఆడబిడ్డకైనా పనిచేస్తది. భార్యకు, పిల్లలకు మనోవర్తి ఇప్పించే సెక్షన్ 125, ఇప్పుడు కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌ల సెక్షన్ 144 అయింది, అది కూడ అందరిది. పిల్లల సంరక్షణ కోసం 1890 నాటి గార్డియన్ల చట్టం ఉన్నది. విడాకులు తేలేదాకా వీటికోసం ఆగాల్సిన పని లేదు. కొడుతుంటే ముందు 181కి ఫోన్ చేయండి, సఖి కేంద్రానికి పోండి. విడాకుల ముచ్చట తర్వాత.

మూడోది, ఎదుటి మనిషి ఒప్పుకోకపోతే 13బి పనిచేయదు. అప్పుడు సెక్షన్ 13 కింద కారణం చూపెట్టి కొట్లాడాలె: క్రూరత్వం, రెండేండ్లు వదిలేసి పోవడం, వేరేవాళ్ళతో సంబంధం, ఏడేండ్లు జాడ లేకపోవడం అట్లాంటివి. సాక్ష్యాలు, క్రాస్ ఎగ్జామినేషన్ ఉంటయి కాబట్టి ఏండ్లు పడుతుంది. మామూలుగ పెండ్లయిన మొదటి ఏడాదిల విడాకుల పిటిషను వెయ్యనియ్యరు.

నాలుగోది, పెండ్లి కానోళ్ళకు. ప్రత్యేక వివాహ చట్టం 1954 కింద పెండ్లి రిజిస్టర్ చేసుకుంటే ఈ ఎస్టీ, హిందూ అనే ప్రశ్ననే రాదు. ఆ చట్టంలనే విడాకులకు కూడ దారి ఉన్నది. మన పద్ధతిల పెండ్లి చేసుకున్నంక కూడ సెక్షన్ 15 కింద అందుల రిజిస్టర్ చేసుకోవచ్చు. దాది పాటలు దాది పాటలే, రిజిస్ట్రేషన్ రిజిస్ట్రేషనే. ఊర్ల చేసే మామూలు పెండ్లి రిజిస్ట్రేషన్ వేరు, ఇది వేరు, అడిగి తెలుసుకోండి. చర్చిల పెండ్లయిన మన క్రైస్తవ అన్నదమ్ములకు 1869 నాటి విడాకుల చట్టం ఉన్నది.

ఐదోది పంచాయితీ గురించి. మేం పంచాయితీని తిట్టడానికి ఇది రాయలే. అక్క పుట్టింటికి వచ్చిన రోజు ఆమెను నిలబెట్టింది, పెట్టిన బంగారం వాపస్ ఇప్పించింది పంచాయితీనే. ఆదిలాబాద్ దిక్కు గోండు అన్నలకు పటేళ్ళు, రాయి సెంటర్లు ఉన్నయి, అక్కడ మన కట్టుబాట్లు ఇంకా గట్టిగ నడుస్తయి. అసలు ఆచారం కోర్టుల నిలబడాలంటే పంచాయితీనే దానికి సాక్ష్యం. అందుకే దాన్ని సాక్ష్యం లెక్క నడపండి. ఎవరెవరు కూసున్నరు, ఏ తేది, ఏ ఆచారం ప్రకారం, ఎవరేం చెప్పినరు, ఒక రిజిస్టరుల రాసిపెట్టండి. మీ తండాల, గూడెంల పెద్దోళ్ళు బతికి ఉన్నప్పుడే పెండ్లి ఎట్ల చేస్తరు, తెగదెంపులు ఎట్ల చేస్తరు అడిగి రాసుకోండి. మేం ఇప్పుడు దాది దగ్గర కూసొని అదే రాస్తున్నం, రెండు నోటుబుక్కులు నిండినయి.

చివరిది, అన్నిటికన్న ముఖ్యమైంది. చదువుకున్నవని నీ చేతికి పెన్ను ఇచ్చినప్పుడు, పెద్దమనుషులు చెప్పింది చెప్పినట్టు రాయకు. పిల్లల ఖర్చు అడగం అనే వాక్యం వస్తే అక్కడ పెన్ను ఆపి, "ఇది చెల్లదు నాయక్, రాయొద్దు" అను. చిన్నపిల్లవి, నీకేం తెలుసు అంటరు. అననీ. మేం ఆరోజు ఆ ఒక్క మాట అని ఉంటే అక్క నాలుగేండ్లు ఒక్కతే పిల్లగాని ఫీజులు, మందులు మోసి ఉండకపోవు.

మొన్న మేమిద్దరం అక్కకు ఈ పోస్టు చదివి వినిపించినం. అంతా విని, "ఆ రోజు మీరు రాయకపోతే ఇంకెవరో రాద్దురు. ఇంత మంచి అక్షరాలు ఉండకపోవు, గంతే" అని నవ్వింది. మమ్మల్ని ఓదార్చడానికే అన్నదని తెలుసు. అక్క కొడుకు పక్కనే కూసొని హోంవర్క్ చేసుకుంటుండె. వాని చేతిరాత కూడ మంచిగనే ఉన్నది.

మీ తండాలల్ల, గూడేలల్ల తెగదెంపులు ఎట్ల చేస్తరు, కోర్టుకు పోయినోళ్ళకు ఏమైంది, తెలిసినోళ్ళు కింద రాయండి. పేర్లు రాయకండి, ముచ్చట రాయండి. ఇంకెవరికన్నా పనికొస్తది.